గోదావరి నావామార్గము – రాజమహేంద్రవరపు రేవు – మన ప్రత్తి

హుజూరాబాదు సీమవారము మనము మెట్టప్రాంతపు వారము. చెరువులు, కుంటలు, మోటబావులు, మానేటి ఇసుక మనకు తెలిసినంతగా ఓడలు, రేవులు మనకు తెలియవు. అయినను మన వాగులలో పెక్కు మానేటిలో కలియును. మానేరు మంథని దాపున గోదావరిని చేరును. గోదావరి కొండలు దాటి, రాజమహేంద్రవరపు మెట్లను ఒరసికొని సముద్రమున కలియును. అనగా మన ఊరి కుంట నుండి పొర్లిన వాననీటికి సముద్రము దాక త్రోవ యున్నది. ఆ నీరు పోవు త్రోవనే మనుష్యులును, సరకులును పోవలెనని ఒకప్పుడు గొప్ప ప్రయత్నము జరిగినది. దానికొరకు లక్షల కొలది పౌన్లు వ్యయమైనవి. వేలకొలది కూలీలు బండలు కొట్టిరి. ఆ ప్రయత్నమునకు మూలము మన నల్లరేగళ్ళలో పండునట్టి ప్రత్తియే. అది ఎట్లు పుట్టినది, ఎందులకు నిలిచిపోయినది, దాని వలన మనము నేర్వదగినదేమి యనునది ఈ వ్యాసమున మనవి చేయుచున్నాను.

సరకు ఏ త్రోవను పోవునో దానిని బట్టి ఊళ్ళు పెరుగును, క్షీణించును. ఇందుకు నిదర్శనము దూరమున వెదుకనక్కరలేదు. 1929లో కాజీపేట–బల్హర్షా రైలుమార్గము పూర్తియై ఢిల్లీకిని మద్రాసునకును తిన్నని త్రోవ యేర్పడినది. ఆ మార్గముపై స్టేషను గల జమ్మికుంట ప్రత్తి బజారుగా పేరు గాంచినది. మన పల్లెల నుండి ప్రత్తి బండ్లు, ఇప్పుడు లారీలు, ట్రాక్టర్లు, అటే పోవుచున్నవి. ఆ రైలు పడుటకు డెబ్బది యేండ్లకు పూర్వము మాత్రము ప్రభుత్వపు టింజనీర్ల చూపు గోదావరి మీద నుండెను. వారి ఆలోచన ఫలించియున్నచో, ఈ ప్రాంతపు ప్రత్తిబజారు రైలుకట్ట ప్రక్కన గాక మంథనిలోనో, కాళేశ్వరములోనో, నదీతీరమున వెలసియుండెడిది.

నది స్వభావము

గోదావరి నాసికము దాపున త్ర్యంబకమున పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించును. కందకుర్తి వద్ద మంజీరను కలుపుకొని తెలంగాణములో అడుగిడును. బాసర, ధర్మపురి, మంథని క్షేత్రములను దాటి కాళేశ్వరము చేరును. అచట ప్రాణహిత వచ్చి కలియును. ప్రాణహిత యనగా వార్ధా, వైనగంగా, పెన్‌గంగల నీరంతయు. నాగపురము, బేరారు దేశముల వాన మన గడప యొద్దకు వచ్చుట ఇచ్చటనే. ఇంకను దిగువ బస్తరు అడవుల నుండి ఇంద్రావతి, కూనవరము వద్ద శబరి కలియును. పిదప పాపికొండల నడుమ నది ఇరుకై, లోతై, సుడులు తిరుగుచు సాగి, పోలవరము వద్ద మైదానమున పడును. రాజమహేంద్రవరము దాటి ధవళేశ్వరము చేరిన తరువాత గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలును.

పటము మీద చూచినచో ఇంతకంటె మంచి నావామార్గము లేదనిపించును. దేశము నడిబొడ్డు నుండి సముద్రము వరకు తిన్నగా దిగు త్రోవ. కాని ఈ నది గంగవలె మంచుకొండల నీటితో నిండునది కాదు. దీనికి వానయే ఆధారము. ఆషాఢమున పొంగి, శ్రావణ భాద్రపదములలో గట్లు తెంచుకొని, కార్తికము దాటగానే తగ్గనారంభించును. మాఘ ఫాల్గునములకు ఇసుకతిన్నెలు బయటపడును. వేసవిలో మంథని వద్ద మోకాలిలోతు నీటిలో బండ్లు దాటుట పెద్దలెరిగినదే. వరదనాడు నావను విరుగగొట్టు నీరు, వేసవినాడు నావను తేల్చజాలదు. దీనికి తోడు నది నడుమ బండలు కలవు. ఈ రెండు చిక్కులను, అనగా నీరు లేని ఋతువును, బండలున్న స్థలమును, గెలిచినగాని గోదావరి రాజమార్గము కాదు.

ధవళేశ్వరము

1832–33 సంవత్సరములలో కోస్తాజిల్లాలను భయంకరమైన కరువు పీడించెను. గోదావరి నిండుగ పారుచుండగా దాని యొడ్డుననే ప్రజలు ఆకలితో మాడిపోయిరి. సర్ ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు ఈ స్థితిని పరిశీలించి, ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమునకు వ్రాసెను. 1847లో పని ఆరంభమై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆ కట్ట నదికి అడ్డముగా నిలిచెను. దానివలన డెల్టా సస్యశ్యామలమైనదని అందరు నెరుగుదురు. కాని కాటను దృష్టిలో ఆ కాలువలు పొలమునకు నీరిచ్చుటకు మాత్రమే గాక, పడవలు నడచుటకును ఉద్దేశింపబడినవని తెలిసినవారు తక్కువ. నీరు పారుచోట సరకు పారవలెను. ఒక్క కాలువ త్రవ్వినచో రెండు పనులు నెరవేరునని ఆయన వాదము.

ఆ వాదము డెల్టాలో నిజమైనది. ధవళేశ్వరము నుండి కాకినాడ రేవునకు కాలువ త్రోవ యేర్పడెను. పశ్చిమ డెల్టా కాలువ ఏలూరు వద్ద కృష్ణా కాలువలతో కలిసెను. అచటి నుండి బెజవాడ, కొమ్మమూరు కాలువ, పెదగంజాము. ఆ పైన బకింగ్‌హాం కాలువ మీదుగ మద్రాసు నగరము. 1876–78 కరువుకాలమున కూలి లేని ప్రజలకు పని కల్పించుటకై ఆ బకింగ్‌హాం కాలువ భాగములను త్రవ్వించిరి. 1878లో నాటి మద్రాసు గవర్నరు పేర దానికి ఆ పేరు వచ్చినది. ఈ విధముగా రాజమహేంద్రవరము సముద్రము లేని రేవుపట్టణమై, ఎగువ అడవికిని దిగువ సముద్రమునకును నడుమ కూడలి యైనది.

మూడు అడ్డంకులు

డెల్టాలో జరిగినది ఎగువను కూడ జరుగవలెనని కాటను పట్టుపట్టెను. ఈ కార్యభారము వహించినవాడు ఎఫ్. టి. హేగ్ అను సైనిక ఇంజనీరు. కోనసీమలో వైనతేయ పాయపై గన్నవరపు అక్విడక్టును నిర్మించి, ఒక నదిమీదుగ వేరొక కాలువను దాటించినవాడు ఈతడే. హేగ్ నదిని పరీక్షించి 1850 దశకమున నివేదిక సమర్పించెను. సముద్రము నుండి వార్ధా నది వరకు గల త్రోవలో ముఖ్యముగా మూడుచోట్ల బండలు నావకు అడ్డు తగులుచున్నవని తేలినది. మొదటిది భద్రాచలమునకు సుమారు 25 కిలోమీటర్ల ఎగువనున్న దుమ్ముగూడెము. రెండవది మన మహాదేవపూరు సీమలోని ఇచ్చంపల్లి. మూడవది ప్రాణహితపై అహేరి ప్రాంతమున గల దేవలమర్రి. ఈ మూటిని దాటగలిగినచో, బేరారు ప్రత్తి నావలో ఎక్కి కాకినాడలో ఓడ మీదకు మారవచ్చును.

బండలను దాటుట యెట్లు? వానిని పగులగొట్టిన చాలదు. నీరు మరింత వేగముగ జారిపోయి ఎగువ త్రోవ ఎండును. కావున నదికడ్డముగా ఆనకట్ట కట్టి ఎగువ నీటిని నిలుపుదురు. ప్రక్కగా ఒక కాలువ త్రవ్వి, బండల ప్రాంతమును చుట్టి, దిగువను మరల నదిలో కలుపుదురు. కాలువలో లాకులు కట్టుదురు. లాకు అనగా రెండు తలుపుల నడుమ గల నీటిగది. ఎగువకు పోవు పడవ గదిలోనికి రాగానే వెనుక తలుపు మూసి, ముందు తలుపునందలి చిన్న తూము విప్పుదురు. నీరు మెల్లగ నిండును. నీటితోపాటు పడవయు లేచును. గదిలోని నీరు ఎగువ నీటితో సమమైనప్పుడు ముందు తలుపు తెరచుకొనును. దిగువకు వచ్చు పడవకు ఇదే పని తారుమారుగ జరుగును. ఇందులో యంత్రము లేదు, ఆవిరి లేదు. మన చెరువుతూము నడపు నీరటికాడు ఒక్కసారి చూచినచో గ్రహింపగల పనియే.

ఈ పని కొండలలో, దట్టమైన అడవిలో జరిగినది. మనుష్యులు దొరకుట కష్టము; దొరికిన వారిని చలిజ్వరములు పట్టి పీడించెను. దిగువ నుండి కూలీలను, వారికి గింజలను కూడ పడవల మీద చేర్చవలసి వచ్చెను. దుమ్ముగూడెమున ఆనకట్టయు, కాలువయు, లాకులును లేచినవి. పాతరాతికట్టు నేటికిని అచట చూడవచ్చును. ఇచ్చంపల్లి, దేవలమర్రి పనులు మాత్రము కడముట్టలేదు.

త్రోవకు కావలసిన అభయము

జలమార్గమునకు నీరును లాకులును చాలవు; నిర్భయత్వము కావలెను. ఈ విషయము మన ఓరుగంటి ప్రభువులు ముందే గ్రహించియుండిరి. 1244లో కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము గాలివానకు కొట్టుకొనివచ్చి తీరమును తాకిన ఓడల సరకును రాజులు బలవంతముగ లాగికొనెడివారు. ధనము ప్రాణముకంటె ప్రియమైనది గనుక, సముద్రమునకు తెగించిన వర్తకుల యెడ దయతో నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గైకొనమని చక్రవర్తి అభయమిచ్చెను. ఓరుగల్లునకు, మనకు సముద్రము దూరమే; ఐనను రేవున జరుగు న్యాయము లోపలి దేశపు సంతలో ధరను నిర్ణయించునని ఆ శాసనము చాటుచున్నది.

ఆరువందల యేండ్ల పిదప గోదావరిపై ఇదే ప్రశ్న వేరొక రూపమున వచ్చినది. నది కుడిగట్టు నిజాము ప్రభువులది. ఎడమగట్టున కొంత భాగమును వారిదే. నావ రేవు రేవునకు ఆగి సుంకము చెల్లించుచు పోయినచో వర్తకమే యుండదు. 1860 ఒప్పందము ప్రకారము గోదావరి ఎడమగట్టున గల తాలూకాలు నిజాము నుండి ఆంగ్లేయులకు సంక్రమించినవి; సరిహద్దుగా నున్నంతమేర నదిపై నావల రాకపోకలకు సుంకముండరాదని నిశ్చయమైనది. సిరొంచ ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా యేర్పడినది. నాటినుండి కాళేశ్వరమున ఒక ప్రభుత్వము, ఎదుటి యొడ్డున సిరొంచలో వేరొక ప్రభుత్వము. ఇరుగట్ల ప్రజలు మాటలాడినది ఒకే తెలుగు. బిడ్డల నిచ్చి పుచ్చుకొన్నదియు ఇరుగట్ల నడుమనే. నావామార్గము కొరకు గీచిన గీత, నావామార్గము పోయిన తరువాతను నిలిచియుండుట చరిత్రలోని విచిత్రము. భద్రాచలము తాలూకా 1874లో మద్రాసు రాజధానికి చేరుటయు, 1959లో ఖమ్మము జిల్లాలో కలియుటయు, 2014లో దాని చుట్టునున్న కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు మారుటయు ఈ కథకు కొనసాగింపులే.

ప్రత్తియు, ఋతువును, రైలును

ఇంత తొందర యెందుకు కలిగినది? 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగినది. ఆ దేశపు ప్రత్తి మాంచెస్టరు మిల్లులకు చేరలేదు. మగ్గములు ఆగినవి, పనివారు పస్తులుండిరి. అప్పుడు వారి కన్నులు బేరారు, నాగపురము ప్రాంతముల నల్లరేగళ్ళ మీద పడినవి. ప్రత్తి ధర పెరిగినది; కాకినాడ రేవునకు కళ వచ్చినది. ఆ దినములలో లోపలి దేశపు ప్రత్తిని లంబాడీల ఎడ్ల మందలే మోసెడివి. పోవునప్పుడు ప్రత్తి, వచ్చునప్పుడు ఉప్పు. మెల్లని నడక, దారిలో వాన, ధూళి. అట్టి ప్రత్తిని నావమీద పెట్టినచో వ్యయము ఎంతయో తగ్గునని లెక్క వేసిరి.

లెక్క సరియైనదే, కాని అందులో రైతుకు తెలిసిన ఒక మాట మరుగుపడినది. ప్రత్తి తీత మనకు కార్తికము మొదలు మాఘము వరకు. బజారునకు వచ్చుట, మూటకట్టుట మరికొంత ఆలస్యము. సరిగా ఆ వేళకే గోదావరి తగ్గిపోవును. నది నిండుగ నున్న శ్రావణములో ప్రత్తిచేను ఇంకను పచ్చగనే యుండును. అనగా నావ యున్నప్పుడు సరకు లేదు. సరకు వచ్చినప్పుడు నావకు నీరు లేదు. ప్రత్తిని ఆరునెలలు కొట్టములో దాచి మరుసటి వానకాలమునకు పంపవలెను. అంతకాలము సొమ్ము చిక్కుకొనియుండుటకు ఏ వర్తకుడు ఒప్పుకొనును? అప్పులవాని యెదుట నిలుచున్న రైతు అసలే ఒప్పుకొనజాలడు. ఎగువను పెద్ద జలాశయములు కట్టి వేసవిలో నీరు వదలినచో ఈ చిక్కు తీరును. కాటను వర్గమువారు ఈ మాట యెరుగనివారు కారు. కాని అందుకు మరికొంత కాలము, మరికొంత ధనము కావలసియుండెను.

ఆ కాలమును రైలు ఇయ్యలేదు. 1867 నాటికి బొంబాయి నుండి రైలు నాగపురము చేరినది. రైలునకు కార్తికమును ఒకటే, వైశాఖమును ఒకటే. బేరారు ప్రత్తి పడమటి ముఖము పట్టినది. అంతలో అమెరికా యుద్ధము 1865లోనే ముగిసి, ఆ దేశపు ప్రత్తి మరల మాంచెస్టరు చేరుచుండెను. 1871లో ఎగువ గోదావరి నావామార్గపు పనులను ఆపివేయుటకు ప్రభుత్వము నిశ్చయించినది. అదే 1871లో ఇల్లందు దాపున విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనుట గమనింపదగినది. నావలకు ప్రతిగా రైలుబండ్లు నడచుటకు కావలసిన ఇంధనము గోదావరీ తీరమునందే దాగియుండెను. తరువాత ఆ బొగ్గే సింగరేణి పేర మన ఉత్తర తెలంగాణమునకు జీవనాధారమైనది. కాటను మాత్రము తన పట్టు విడువలేదు. రైలుకంటె కాలువయే ఈ దేశపు పేదలకు మేలని 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘము యెదుట కూడ వాదించి, 1899లో తన 96వ యేట మరణించెను.

ఆయన వాదములో సత్యము లేకపోలేదు. రైలు సరకును మోయును గాని పొలమునకు నీరియ్యదు. కరువునాడు గింజను తెచ్చి పెట్టగలదు. అదే రైలు గింజను తరలించుకొనియు పోగలదు. అయినను సరకు నడచు ఋతువును లెక్కింపని త్రోవ ఎంత గొప్పదైనను నిలువదని గోదావరి నేర్పిన పాఠము.

తెప్ప, తెడ్డు, త్రాడు

పథకము ఆగినదే గాని నదిమీద బ్రతుకు ఆగలేదు. ఆదిలాబాదు, చాందా, అహేరి అడవుల టేకుదూలములను వెదురుబొంగులతో చేర్చి తెప్పలు కట్టి ప్రాణహిత, గోదావరుల మీద రాజమహేంద్రవరమునకు తేల్చెడివారు. పచ్చి టేకు బరువెక్కువ. వెదురు తోడులేనిదే తేలదు. ఆ తెప్పమీదనే గుడిసె, పొయ్యి. వరదనీటి పోకడ తెలిసిన మనిషి చేతిలో గడ. రాజమహేంద్రవరపు కలప అడితులు ఈ తెప్పల వలననే వర్ధిల్లినవి. కోస్తాలో ఎన్ని మండువాయిండ్లకు మన అడవుల టేకు దూలమై నిలిచినదో లెక్కించుట కష్టము.

డెల్టా కాలువలలో పడవ నడపుట వేరొక విద్య. గాలి అనుకూలమైన తెరచాప, గాలి లేకున్న గడ, నీరెదురైన త్రాడు. ఇద్దరు ముగ్గురు మనుష్యులు త్రాటిని భుజమున వేసికొని, గట్టుమీద ముందుకు వంగి నడచుచు, ధాన్యము నిండిన పడవను మైళ్ళకొలది లాగెడివారు. చుక్కాని వద్ద నొకడు పడవ గట్టును తాకకుండ కాపాడెడివాడు. తరువాత పొగ ఓడలు, ఆ పైన లాంచీలు వచ్చి, పంటులను వెనుక కట్టుకొని లాగినవి. రాజమహేంద్రవరము నుండి భద్రాచలము వైపు లాంచీల మీద యాత్రికులు పోవుట చిరకాలము సాగినది. 1973లో వెలువడిన బాపు చలనచిత్రము ‘అందాల రాముడు’ కథయంతయు అట్టి లాంచీ ప్రయాణమే. 1900లో హేవలాక్ వంతెన తెరచుటతో కొవ్వూరు–రాజమహేంద్రవరముల నడుమ నదిని దాటుట సుకరమైనది. రైళ్ళు, పిదప తారురోడ్లు, లారీలు పెరిగినకొలది కాలువపడవలు తగ్గినవి. ఇటు మనవైపు ధర్మపురి, మంథని, కాళేశ్వరము రేవులలో గంగపుత్రుల నాటుపడవలు ఏరు దాటించుచుండెను. ఇటీవలి సంవత్సరములలో కాళేశ్వరము–సిరొంచల నడుమ వంతెన వచ్చినది. ఏరు దాటుట సుఖమైనది. తెడ్డు పట్టిన చేతికి పని తగ్గినది. ఈ రెండును సత్యములే.

ఇతర దేశములలో

నదిని నమ్ముకొన్న దేశములు గెలువలేదా? గెలిచినవి. అమెరికాలో మిసిసిపీ నది ఎగువ భాగమున 29 లాకులు, ఆనకట్టలు కలవు. వీనిలో పెక్కు 1930 దశకమున కట్టినవే. 9 అడుగుల లోతు ఎల్లప్పుడు ఉండునట్లు ఆ త్రోవను కాపాడుచున్నారు. ఒక యంత్రనావ, పెద్ద పెద్ద పంటులను ఒకదానికొకటి ఉక్కుత్రాళ్ళతో బంధించి, వెనుకనుండి త్రోసికొనిపోవును. లాకులు లేని దిగువ నదిలో అట్టివి ముప్పది, నలువది పంటులు ఒక్క గుంపుగా సాగును. సెయింట్ లూయిస్ వంటి నగరములు సముద్రమునకు ఎంతయో దూరముననుండియు రేవుపట్టణములైనవి. జర్మనీలో రైన్ నదిపైనున్న డ్యూస్‌బర్గు లోతట్టు రేవులలో ప్రసిద్ధికెక్కినది. హేగ్ దుమ్ముగూడెమున కట్టినదియు, అమెరికావారు మిసిసిపీపై కట్టినదియు ఒకే సూత్రము. భేదమెక్కడ? అచట ఒక్క లాకు కట్టి ఊరకుండలేదు. ఆ మాదిరిగ మెట్టు మెట్టునకు కట్టుచు పోయి, ఏటేట మేటను తీయుచు, తలుపులను బాగుచేయుచు వచ్చిరి. త్రోవ యనునది ఒకనాడు కట్టి విడిచినచో నిలుచునది కాదు, దినదినము కాపాడవలసినది.

పడవలోని పుస్తకము

గ్రంథాలయ రజతోత్సవమునకును పడవలకును సంబంధమేమి యని పాఠకులు అడుగవచ్చును. ఉన్నది. గుంటూరు జిల్లాలో కృష్ణా కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడి ప్రాంతముల నడుమ 1935లో పడవ గ్రంథాలయము నడచినది. గ్రంథాలయోద్యమ నాయకులలో నొకరైన పాతూరి నాగభూషణము గారు ఈ కార్యమునకు పూనుకొనిరి. కాలువపడవలో ప్రయాణము మెల్లనిది. ప్రయాణికులకు గంటలకొలది పనిలేదు. ఆ తీరికవేళ వారి చేతిలో పుస్తకము పెట్టినచో చదువుదురని ఆయన తలచిరి. బండిత్రోవ సరిగా లేని గట్టు గ్రామములకు కూడ ఆ పడవతోపాటు పుస్తకము చేరినది. ప్రత్తి కొరకును, ధాన్యము కొరకును త్రవ్విన కాలువ విద్యకును దారి యైనది. రైలువలె వేగముగ పోవు బండిలో ఇట్టి గ్రంథాలయము తోచునో లేదో చెప్పజాలము.

నేటి స్థితి

నావామార్గపు తలపు పూర్తిగా చావలేదు. 1980లో వెలువడిన గోదావరి జలవివాద ట్రిబ్యునలు తీర్పులో ఇచ్చంపల్లి పేరు మరల వినబడినది, ఈసారి రాష్ట్రముల ఉమ్మడి జలాశయముగా. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, భద్రాచలము–రాజమహేంద్రవరముల నడుమ గోదావరిని, వజీరాబాదు–విజయవాడల నడుమ కృష్ణను కలిపి 4వ జాతీయ జలమార్గముగ ప్రకటించిరి. 2016 చట్టముతో గోదావరిపై ఈ మార్గమును నాసికము వరకు పొడిగించిరి. కాగితముపై చూచినచో మంథనియు, ధర్మపురియు జాతీయ జలమార్గము మీది రేవులే. కాగితము మీది నీటిలో పడవ నడువదు గదా! గోదావరిపై నేడు కట్టియున్న, కట్టుచున్న ఆనకట్టలలో నావకు త్రోవ ఎంతవరకు ఉంచబడునో, వేసవిలో నదికి ఎంతనీరు వదలబడునో, ఆ రెంటిని బట్టియే ఈ ప్రకటనకు విలువ.

మరియొక మాట తప్పక చెప్పవలెను. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద రాయల్ వసిష్ఠ అను విహారపు పడవ వరదనీటిలో మునిగిపోయెను. పడవలో 77 మంది యుండగా 26 మంది మాత్రమే బయటపడిరి. మృతులలో మన పొరుగునున్న కాజీపేట దాపున కడిపికొండ గ్రామస్థులు పలువురుండిరి. అధికారులు, నౌకాదళపు వారు ఎంతయో శ్రమించిరి. తుదకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందమువారు త్రాళ్ళు, కొక్కెములు, నీట మునుగు నేర్పు ఆధారముగ, అక్టోబరు 22న ఆ పడవను ఒడ్డునకు లాగిరి. వరదనాడు ఆ సుడిని నమ్మరాదని పూర్వపు సరంగులకు తెలియును. అక్కడ లోతెంత, ఏ గట్టున పోవలెనో తండ్రి కొడుకునకు చెప్పెడివాడు. వృత్తి పోయినప్పుడు ఆదాయము మాత్రమే పోదు, ఆ తెలివియు పోవును. ఆ తెలివి పోయినచోట ప్రాణములు పోవును. నావలు మరల నడుపదలచినవారు ముందుగా గుర్తుంచుకొనవలసినది ఇదే.

మన కర్తవ్యము

ఎగువ గోదావరి కథలో గెలిచినవారెవరు, ఓడినవారెవరు అని తూచి చెప్పుట సులభము కాదు. కాటను చెప్పినట్లు జరిగియున్నచో కాళేశ్వరము గొప్ప రేవుపట్టణమైయుండునా, లేక వేసవి యిసుకలో నావలు కూలబడి లాకులు తుప్పుపట్టియుండునా? ఊహకు అంతులేదు. కాని ఒక్క విషయము నిశ్చయము. ఆ పథకపు చరిత్రయంతయు ప్రభుత్వపు నివేదికలలోను, ఇంజనీర్ల లేఖలలోను మిగిలినది. బండ కొట్టినవాడు, తెప్ప నడపినవాడు, త్రాడు లాగినవాడు చెప్పిన మాట ఎక్కడను వ్రాయబడలేదు. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను సేకరించి, చందాదారుల ప్రేమతో నిలిచిన మన గ్రంథాలయము ఈ లోపమును కొంతవరకైన తీర్పగలదు. మంథని, కాళేశ్వరము రేవులలో పడవలు నడపిన వృద్ధులు ఇంకను కొందరున్నారు. జమ్మికుంటకు ఎడ్లబండ్లపై ప్రత్తి తోలిన పెద్దలు మన పల్లెలలోనే యున్నారు. మన యువకులు వారికడ కూర్చుండి, ఏ నెలలో ఏ రేవు దాటవచ్చునో, ఏ బండకు ఏ పేరో, బస్తాకు ఎంత కూలి యిచ్చెడివారో అడిగి, ఒక నోటుపుస్తకమున వ్రాసి, ఈ బీరువాలో చేర్చినచో, తరువాతివారు గోదావరి చరిత్రను వ్రాయునప్పుడు నివేదికలతోపాటు ఆ పుస్తకమును కూడ తెరచి చూడవలసియుండును.